లోకాభిప్రాయము – దానిని కొలిచిన చరిత్ర



ఏటేట మన మహాసభ సమావేశమైనపుడు తీర్మానములు ప్రతిపాదింపబడుటయు, బలపరుపబడుటయు, కరతాళధ్వనులమధ్య ఏకగ్రీవముగ అంగీకరింపబడుటయు పరిపాటియైయున్నది. ఆ తీర్మానములలో పెక్కింటియందు "మన కులమువారందరి అభిప్రాయ మేమనగా" అను మాట కానవచ్చును. ఆ అందరు ఎవరు? పందిరిలో కూర్చున్నవారా? పొలముపనులు విడిచి రాలేక, రైలుఖర్చులకు సొమ్ము చాలక ఊళ్లలో నిలిచిపోయినవారు కూడనా? వారి మనస్సును ఎవరు చదివిరి? ఈ ప్రశ్న మన సంఘమునకు క్రొత్తగా తోచవచ్చునుగాని లోకమునకు క్రొత్తది కాదు. గొప్ప రాజ్యములును, పత్రికలును, పండితులును నూరేండ్లకు పైబడి దీనితో పెనుగులాడుచున్నారు. ఆ చరిత్రను కొంతవరకైనను ఈ సంచికయందు మనవారి యెదుట నుంచవలయునని మేము సంకల్పించితిమి.

మన దేశమున కులసభలు విస్తారముగ బయలుదేరుటకే లోకాభిప్రాయమను మాట యొక కారణమైనదని చాలమంది యెరుగరు. 1901 వ సంవత్సరపు జనాభాలెక్కలకు అధిపతియైన హెర్బర్టు రిస్లీ దొర, కులములను సాంఘికమర్యాదలోని హెచ్చుతగ్గులనుబట్టి వరుసగా వ్రాయింపదలచెను. ఆ హెచ్చుతగ్గులను నిర్ణయించుటకు ప్రమాణమేమని యడిగినచో, ఈ దేశీయులలో ఇప్పుడు వాడుకలోనున్న అభిప్రాయమే ప్రమాణమని ఆయన చెప్పెను. మాట బాగుగనే యున్నది. కాని ఆ అభిప్రాయమును గ్రహించిన విధమెట్టిది? ఆయా ప్రాంతములలోని పెద్దమనుష్యులను, పండితులను, ఉద్యోగులను అడిగి, వారు చెప్పినదానినే దేశీయుల అభిప్రాయముగ పరిగణించిరి. పట్టికలో అడుగువరుసలకు దిగిపోయినవారి గడపత్రొక్కి "మీరేమందురు?" అని యడిగినవా రరుదు.

దాని ఫలితము మన కందరకు తెలిసినదే. ఖత్రీలు తమ్ము వైశ్యులలో చేర్చుట కూడదని 1901 లోనే బరేలీయందు మహాసభ జరిపి, క్షత్రియవర్గమున చేర్పించుకొనిరి. తక్కినవారును ఆ త్రోవనే నడచిరి. 1911 నాటి లెక్కల సందర్భమున బంగాళమునందు వచ్చిపడిన విజ్ఞాపనపత్రముల బరువే ఒకటిన్నర మణుగు కలదని అక్కడి లెక్కల యధికారియగు ఓమాలీ దొర వ్రాసెను. కాగితములను త్రాసున వేసి తూచినంత మాత్రమున జనుల యభిప్రాయము తేలునా? విజ్ఞాపనములు వ్రాసినవారు అక్షరములు నేర్చినవారు, దస్తూరికి వకీలును పెట్టుకొనగలవారు. వ్రాతరానివాని మాట ఆ ఒకటిన్నర మణుగులో ఒక వీసమెత్తైనను ఉన్నదని చెప్పజాలము.

ఇక అమెరికా సంయుక్తరాష్ట్రముల సంగతి. ఎన్నికలు మొదటినుండియు నున్న దేశమగుటచే, ఎవరు గెలుతురో ముందుగా తెలిసికొనవలెనను కుతూహలము అచ్చటివారికి మెండు. 1824 లో హారిస్‌బర్గు పట్టణపు పత్రిక యొకటి, విల్మింగ్టను పట్టణమున జనుల నడుగగా జాక్సనునకు 335, ఆడమ్సునకు 169, క్లేకు 19, క్రాఫర్డునకు 9 మాటలు వచ్చినవని ప్రకటించెను. గాలి యెటు వీచుచున్నదో చూచుటకు గడ్డిపోచను విడుచునట్టి పరీక్ష యని ఇట్టివానికి పేరు కలిగినది. ఆ యేట జాక్సనునకే వోట్లు హెచ్చుగా వచ్చినను, ఎలక్టరులలో సగమునకు మించిన బలము ఎవరికిని దొరకనందున ప్రతినిధిసభవారు ఆడమ్సును ప్రెసిడెంటుగ నెన్నుకొనిరి. జనుల యభిప్రాయమును తెలిసికొనుట వేరు, అది చెల్లుట వేరు అని దీనివలన తెలియుచున్నది.

ఈ గడ్డిపోచ విద్యను పరాకాష్ఠ నందించినది 'లిటరరీ డైజెస్టు' అను వారపత్రిక. 1916 మొదలు 1932 వరకు జరిగిన అయిదు ప్రెసిడెంటు ఎన్నికలయందును దాని జోస్యము తప్పలేదు. 1936 లో రూజ్వెల్టు రెండవసారి నిలిచినప్పుడు, రిపబ్లికను కక్షివారు లాండను అనునాతని నిలిపిరి. డైజెస్టువారు ఒక కోటిమందికి నమూనా బ్యాలెట్లను తపాలలో పంపిరి. అందులో 23 లక్షలకు పైగ తిరిగివచ్చినవి.  లెక్కవేయగా, ఇరువురకు వచ్చినవానిలో లాండనుకు నూటికి 57 పాళ్లు తేలినవి. దేశములోని పెద్దపత్రికలలో అధికభాగము లాండను పక్షమే. ఇక సందేహమేమి?

ఎన్నిక జరిగినది. రూజ్వెల్టుకు నూటికి దాదాపు 61 వోట్లు వచ్చినవి. నలువదియెనిమిది రాష్ట్రములలో లాండనుకు దక్కినవి మేను, వెర్మాంటు అను రెండు చిన్న రాష్ట్రములు మాత్రమే. రెండేండ్లు తిరుగకమునుపే డైజెస్టు పత్రిక మూతపడెను.

ఇరువదిమూడు లక్షలమంది యబద్ధమాడిరా? లేదు. ప్రతివాడును తన మనస్సులోని మాటనే వ్రాసియుండును. లోపము ఆ పేరులు సేకరించిన చోటనున్నది. డైజెస్టువారు ముఖ్యముగ టెలిఫోను డైరెక్టరీలనుండియు, మోటారుకార్ల రిజిస్టరులనుండియు విలాసములు తీసిరి. అది గొప్ప ఆర్థికసంక్షోభము నడచుచుండిన కాలము. పనిలేక పస్తులుండు కూలివానికి టెలిఫోనెక్కడిది, కారెక్కడిది? అతడు రూజ్వెల్టువైపువాడు, అతనికి బ్యాలెటే పోలేదు. ఇంతియే కాదు. 1937 లో గాలప్ వారు సేకరించిన వివరములను ఇటీవల, అనగా 1988 లో, మరల పరిశీలించినవారు మరియొక సంగతి బయటపెట్టిరి. బ్యాలెటు అందినవారిలో సైతము, రూజ్వెల్టుపై కోపముతో నున్నవారు ఉత్సాహముతో తిరుగటపాలో పంపిరట; తృప్తితో నున్నవారు ఊరకుండిరట. కనుక అడుగబడనివారి మాట పోవుట ఒకటి, అడిగినను పలుకనివారి మాట పోవుట రెండవది. సభలో లేచి మాటలాడువారినే చూచి సభాభిప్రాయమును నిర్ణయించు అలవాటు గలవారు ఈ రెండవదానిని జాగ్రత్తగా చిత్తగింతురుగాక.

ఆ యేడే జార్జి గాలప్ అను నాతడు ప్రసిద్ధికెక్కెను. ఈయన 1901 లో అయోవా రాష్ట్రమున జన్మించి, పత్రికావిద్యలో ఉపాధ్యాయుడై, 1935 లో ప్రజాభిప్రాయ పరిశోధనకై యొక సంస్థను నెలకొల్పెను. 1932 లో ఈయన అత్తగారే అయోవాలో రాష్ట్ర కార్యదర్శి పదవికి నిలిచి గెలుపొందిరి. అల్లుని కీ విద్యపై మక్కువ హెచ్చుటకు అదియు నొక కారణమని చెప్పుదురు. గాలప్ అంతకంటె ఎంతో తక్కువమందిని మాత్రమే యడిగి రూజ్వెల్టు గెలుచునని చెప్పెను. అంతేకాక, డైజెస్టువారు బ్యాలెట్లు పంపకమునుపే, 3,000 మందికి వారివలెనే కార్డులు పంపి, వారి లెక్క లాండనుకు నూటికి 56 అని తేలబోవుచున్నదనియు, అది తప్పగుననియు ముందే ప్రకటించెను. కోటిమందికి వ్రాసినవారు ఓడిరి, వేలమందిని చూచినవాడు గెలిచెను.

దీనిలో ఇంద్రజాలమేమియు లేదు. మన పెద్దలు స్థాలీపులాకన్యాయమని దీనినే చెప్పిరి. కుండలోని అన్నము ఉడికినదో లేదో చూచుటకు అంతయు కుమ్మరింప నక్కరలేదు. ఒక మెతుకు పట్టిచూచిన చాలును. అయితే మన యింట వంటచేయు అమ్మల నడిగినచో ఇంకొక మాటయు చెప్పుదురు. పైమెతుకే పట్టి చూడరాదు; గరిటె అడుగువరకు పోనిచ్చి, కలియబెట్టి, అప్పుడు చూడవలయును. డైజెస్టువారు పైమెతుకులు ఇరువదిమూడు లక్షలు పట్టిచూచిరి. గణితశాస్త్రము చెప్పునదియు నిదియే. చీటీలు తీసినట్లు పక్షపాతము లేకుండ వేయిమంది నెన్నుకొన్నచో, నూరుసార్లలో తొంబదియైదుసార్లు ఫలము అసలునకు మూడు పాళ్ల యెడమునకు మించిపోదు. ఆ యెడమును సగము చేయవలెనన్న నాలుగువేలమందిని అడుగవలయును. దేశజనసంఖ్య పదికోట్లైనను నూరుకోట్లైనను ఈ లెక్కలో భేదము మిక్కిలి స్వల్పము. ఇది వినువారికి నమ్మశక్యముగ నుండదు. కాని పెద్దకుండకు పెద్దమెతుకు కావలయునని వంటయింట నెవరును చెప్పరు గదా.

గాలప్ కీర్తికిని గ్రహణము తప్పలేదు. 1948 లో డ్యూయీకి నూటికి 49½, ట్రూమనుకు 44½ అని ఆయన సంస్థ చెప్పగా, ట్రూమనుకే 49½ వచ్చినవి, డ్యూయీకి 45. షికాగో ట్రిబ్యూను పత్రిక డ్యూయీ జయమును పతాకశీర్షికగ అచ్చొత్తించివేయగా, గెలిచిన ట్రూమను ఆ ప్రతిని పైకెత్తి నవ్వుచు తీయించుకొన్న ఛాయాచిత్రము లోకప్రసిద్ధము. పండితుల సంఘమొకటి విచారించి కారణములు తేల్చినది. ఎన్నికకు రెండువారములకు ముందే ప్రశ్నించుట మానుకొనుట ఒకటి. మగవా రిందరు, ఆడవా రిందరు, ధనికు లిందరు, బీద లిందరు అని అంశములు నిర్ణయించి, ఆ యంశములోపల ఎవరిని అడుగవలయునో అడుగబోవువాని యిష్టమునకు విడుచుట మరియొకటి. వాడు సహజముగ చక్కని యింటిని, మర్యాదగ మాటలాడు మనుష్యుని ఏరుకొనుచుండెను. మురికిసందులోనికి పోవుటకు ఎవని కాలు ముందుకు సాగును? ఆ తరువాత చీటీపద్ధతియే శ్రేష్ఠమని పరిశోధకులు క్రమముగ దానినే అవలంబించిరి.

ఎవరిని అడుగవలెనో తేలినను, ఏమని అడుగవలెను, ఎవరు అడుగవలెను అను రెండు చిక్కులున్నవి. మన సంఘమునకు ఇవియే మిక్కిలి ముఖ్యములని మా యుద్దేశము.

మొదటిదానికి ఒక ఉదాహరణము. ప్రజాప్రభుత్వమునకు విరుద్ధముగ బహిరంగోపన్యాసములను అనుమతింపవచ్చునా యని అమెరికనులలో కొందరిని అడుగగా, నూటికి 62 మంది కూడదనిరి. అట్టి ఉపన్యాసములను నిషేధింపవలయునా యని వేరు కొందరిని అడుగగా, అవునన్నవారు 46 మందియే. దీనిని రగ్గు అను నాతడు 1941 లో ప్రకటించెను. అనుమతింపకుండుట, నిషేధించుట అర్థమున నొక్కటియే. కాని నిషేధమను మాట కటువుగ వినబడి జనులను వెనుకకు లాగినది. వితంతువివాహమును సమర్థింతురా యని యడిగినచో వచ్చు జవాబును, బాల్యముననే భర్తను గోల్పోయిన బిడ్డ తిరిగి పెండ్లాడుటకు అడ్డుపడుదురా యని యడిగినచో వచ్చు జవాబును ఒక్కటి కావని మనమును ఊహింపవచ్చును.

రెండవది యింతకంటె గంభీరము. 1942 లో మెంఫిసు నగరమున నల్లజాతివారిని, సైన్యములో మీవారికి న్యాయము జరుగుచున్నదా యని ప్రశ్నించిరి. తెల్లవారు పోయి యడుగగా అన్యాయమన్నవారు నూటికి 11 మంది. నల్లవారు పోయి యడుగగా 35 మంది. ప్రశ్న యొక్కటి, ఊరొక్కటి, జనమొక్కటి. అడిగిన ముఖము మారినంతనే నిజము మూడింతలైనది. బలవంతుని యెదుట బలహీనుడు పలుకు మాట అభిప్రాయము కాదు, ఆత్మరక్షణము. ఊరి పెద్దకాపు అరుగుమీద కూర్చుండి పాలేరును "నీకేమైన కొరతయా?" అని యడిగినప్పుడు "మీ దయవలన ఏ కొరతయు లేదు బాబూ" అను జవాబు మన గ్రామములలో ఎన్ని తరములనుండి వినబడుచున్నదో! అత్తగారు దగ్గరనుండగా కోడలిని అడిగినను అంతియే.

మతవిషయమున మనుష్యుడు ఎవరి భయమును లేకున్నను తన్ను తాను కొంచెము మెరుగు పెట్టి చెప్పుకొనును. అమెరికాలో జనాభాలెక్కలయందు మతమును గూర్చి నిర్బంధప్రశ్న యడుగరాదని 1976 లో శాసనమే యైనది. కావున ఆ విషయము తెలిసికొనుటకు ఇట్టి పరిశోధనలే దిక్కు. గతవారము గుడికి పోయితిరా యని యడుగగా, దశాబ్దములపొడుగున నూటికి నలువదిమంది చొప్పున పోయితిమనిరి. 1993 లో ముగ్గురు పండితులు ఓహియో రాష్ట్రములో నొక ప్రాంతమున ఆదివారమునాడు చర్చిలలోని తలలను లెక్కించిచూడగా, ప్రొటెస్టెంటులలో వచ్చినవారు చెప్పుకొన్నవారిలో సుమారు సగమే. ఏకాదశి వ్రతమును గూర్చి మనవారి నడిగినను లెక్క ఇంతకంటె మిన్నగ నుండునని మేము పందెము వేయము.

మన దేశమున ఈ విద్యకు 1950 దశకమున ఢిల్లీలో ఎరిక్ డకోస్టా స్థాపించిన సంస్థ నాంది పలికెను. 1963 లో రజనీ కొఠారి నెలకొల్పిన అభివృద్ధి సమాజముల అధ్యయనకేంద్రమువారు 1967 నాటి సాధారణ ఎన్నికలనుండి వోటరుల యిండ్లకు పోయి ప్రశ్నించు పద్ధతిని దృఢపరచిరి. 1980 దశకమున ప్రణయరాయ్ ప్రభృతులు ఎన్నికల జోస్యమును ఇంటింటి ముచ్చటగా చేసిరి. జోస్యములు ఫలించినవియు గలవు, బెడిసినవియు గలవు. 2004 లో అప్పటి ప్రభుత్వమే నిలుచునని చెప్పినవారు, 2024 లో అధికారకూటమికి 350 స్థానములు దాటునని చెప్పినవారు తలలు వంచుకొనవలసివచ్చినది. 2024 లో వచ్చినవి 293. పోలింగు ముగియకమున్ను నిర్గమనపోలు ఫలములను ప్రకటింపరాదని 2009 లో ప్రజాప్రాతినిధ్యశాసనమునకు సవరణ జరిగినది. ఎన్నికల పందెములను గూర్చి ఇంతకంటె విస్తరించుట మాకు ఇష్టము లేదు. గెలుపోటములు ఒక దినమున తేలిపోవును. మతము, కులము, వివాహము మొదలగు విషయములలో జనుల మనస్సెట్లున్నదో తేల్చు వోటుపెట్టె యెచ్చటను లేదు.

అట్టి పరిశోధనలలో పేరెన్నదగినది వాషింగ్టనులోని ప్యూ పరిశోధనకేంద్రమువారు మన దేశమున జరిపినది. ఈ కేంద్రము 1990 లో ఒక పత్రికాసంస్థ ఆశ్రయమున, ప్రజలకును పత్రికలకును గల సంబంధమును విచారించుటకు పుట్టి, 1996 లో ప్యూ ధర్మనిధివారి పోషణలోనికి వచ్చి, 2004 నుండి ఇప్పటి పేరుతో ప్రసిద్ధమైనది. వీరు 2019 నవంబరు మొదలు 2020 మార్చి వరకు మన దేశమున 29,999 మంది వయోజనులను, తెలుగుతో గూడ 17 భాషలయందు, ముఖాముఖి ప్రశ్నింపజేసి 2021 లో ఫలములను ప్రకటించిరి. కాశ్మీరలోయకు పోలేదనియు, మహమ్మారి వ్యాపించుటచే సిక్కిము, మణిపురములను వదలితిమనియు దాపరికము లేక వ్రాసికొనిరి. ఎవరిని అడుగలేదో చెప్పుట ఈ విద్యలో మొదటి నిజాయితీ.

వారి ఫలములలో మన సభ తలచుకొనవలసినవి కొన్ని. నిజమైన భారతీయుడగుటకు అన్ని మతములను గౌరవించుట అత్యావశ్యకమన్నవారు నూటికి 84 మంది. తమకొక కులము గలదన్నవారు 98 మంది. ఇది హిందువుల లెక్క మాత్రమే కాదు, అన్ని మతములవారిది. తమ ఆప్తమిత్రులందరు స్వకులమువారే యన్నవారు 24, అధికభాగము స్వకులమువారే యన్నవారు 46. తమ కులమునందలి స్త్రీలు ఇతరకులమువారిని వివాహమాడకుండ ఆపుట అత్యావశ్యకమన్నవారు 64, పురుషుల విషయమున అట్లన్నవారు 62. షెడ్యూల్డు కులములవారిపై వివక్ష విస్తారముగ నున్నదన్నవారు దేశమంతట కలిపి 20 మందియే. ఇందు దక్షిణదేశమున 30 మంది అట్లనగా, మధ్యప్రాంతమున 13 మంది మాత్రమే యనిరి. దక్షిణమున వివక్ష హెచ్చని దీని యర్థమా, లేక వివక్షను వివక్షయని గుర్తించి చెప్పుటకు ఇచ్చటివారు నేర్చిరనియా? అంకె యొక్కటి దీనికి జవాబు చెప్పజాలదు. పైని చెప్పిన మెంఫిసు నగరమును స్మరించుచు ఈ అంకెలను చదువవలయునని మాత్రము మా మనవి.

మరియొకటి. లెక్కించుట వేరు, అభిప్రాయము నడుగుట వేరు. 1931 తరువాత దేశమంతట కులములవారీ పూర్తి లెక్కలు వెలువడలేదు. 2024 లో తెలంగాణ ప్రభుత్వము ఇంటింటి సర్వే జరిపినది. రాబోవు జనాభాలెక్కలలో కులమును చేర్తుమని 2025 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము ప్రకటించినది. ఈ లెక్కలవలన మనవారెందరో తేలవచ్చునుగాని, మనవారేమి కోరుచున్నారో తేలదు. ఎందరమో తెలిసినంతనే, అంతమంది పక్షమున మాటలాడు అధికారము కార్యవర్గమునకు వచ్చిపడినదని భ్రమపడుట సులభము.

మన సంఘమువద్ద నున్న పేరుల పుస్తకము చందాదారులది. అందు పట్టణములలోని వర్తకులు, ఉద్యోగులు, బొంబాయి బెంగుళూరులయందును విదేశములందును స్థిరపడిన శ్రీమంతులు ఉన్నారు. అది మన టెలిఫోను డైరెక్టరీ. దానిలోని విలాసములకే ప్రశ్నపత్రము పంపి, వచ్చిన జవాబులను కులాభిప్రాయమని ప్రభుత్వమునకు నివేదించినచో మనమును డైజెస్టువారి త్రోవనే పోయినవార మగుదుము. వరకట్నము, ఆడపిల్లల పైచదువు, కులాంతర వివాహములు, విద్యార్థివేతనములు ఎవరికి ముందీయవలయుననుట – ఈ విషయములపై తీర్మానములు ప్రతియేట చేయుచున్నాము. వీని భారమును మోయువారిలో అధికులు సభకు రారు.

కావున మేము కోరునది యిది. వచ్చు మహాసభకు ముందుగా, మనవారు నివసించు గ్రామములనుండి కొన్నింటిని చీటీలు వేసి తీయవలయును. ఆ గ్రామములలో ఇండ్లను, ఇంటిలో వయోజనులలో నొకరిని అట్లే తీయవలయును. స్త్రీలను స్త్రీలే, ఏకాంతమున, అడుగవలయును. కార్యవర్గసభ్యులుగాని, వారివద్ద అప్పుపడినవారుగాని, ఆ యూరి పెద్దలుగాని ప్రశ్నించుటకు పోరాదు. ప్రశ్నలను ముందే అచ్చువేసి అందరకు తెలుపవలయును. జవాబు చెప్ప నిరాకరించినవారి సంఖ్యను గూడ ప్రకటింపవలయును. కాలేజీలలో చదువుకొనుచున్న మన బాలబాలికలు నలువదిమంది వేసవిసెలవులలో ఒక నెల పనిచేసినచో వేయియిండ్లు తిరుగుట కష్టము కాదు. దారిఖర్చులకును భోజనములకును, వచ్చు సంవత్సరపు పందిరి అలంకారమునకై ఉద్దేశించిన విరాళములలో కొంతభాగమును ప్రత్యేకింప ననుజ్ఞ యీయవలసినదిగ మహారాజపోషకులను ప్రార్థించుచున్నాము.